మూడక్షరాల సూత్రం

శ్రీకాకుళం జిల్లాకు ఈశాన్యపు కొసన, మహేంద్రగిరి కొండలకూ సముద్రానికీ నడుమ, ఉద్దానమనే సీమ ఉన్నది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో వ్యాపించిన ఈ నేలకు ఉద్యానమన్న మాటయే ఉద్దానమై స్థిరపడినదని పెద్దలు చెప్పుదురు. పేరుకు తగినట్లే అక్కడ కొబ్బరితోటలు, జీడిమామిడి తోపులు, పనసచెట్లు కనుచూపుమేర కనబడతాయి. ఇంత పచ్చని సీమను ఒక దుఃఖం చాలాకాలంగా పట్టి పీడించుచున్నది. మధుమేహం గాని రక్తపుపోటు గాని ఎరుగనివారికి, తోటపని చేసుకొని బ్రతుకువారికి, నడివయస్సులోనే మూత్రపిండాలు క్రమంగా చెడిపోవుచున్నవి. 1990ల నుండి వైద్యులు ఈ సంగతిని గమనించుచు వచ్చినారు. విశాఖపట్నంలో మూత్రపిండ వైద్యులుగా పేరుపొందిన డాక్టర్ టి. రవిరాజు వంటివారు ఆ గ్రామాలలో పరిశీలనలు జరిపినారు. నీటినీ, నేలనూ, వాడిన మందులనూ, ఎండలో చేసే కష్టాన్నీ పండితులు అనుమానించినారు గాని, ఇదియే కారణమని ఏ ఒక్కదానినీ నిర్ధారించినవారు లేరు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానితోపాటు మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి.

మూత్రపిండం చెడినదనగానే మలినాలు రక్తంలో నిలిచిపోవుననీ, యంత్రంతో రక్తశుద్ధి చేయించుకోవలెననీ అందరూ ఎరుగుదురు. దీనినే మన గ్రామాలలో డయాలిసిస్ అని ఇంగ్లీషు మాటతోనే చెప్పుకొనుచున్నారు. మూత్రపిండానికి ఉన్న రెండవ పనిని ఎరిగినవారు తక్కువ. ఎముకలలోని మూలుగకు ఎర్రకణాలు తయారు చేయుమని ఆజ్ఞ పంపునది ఆ మూత్రపిండమే. అది చెడినప్పుడు ఆ ఆజ్ఞ సన్నగిల్లుతుంది, రక్తం పలుచనవుతుంది. మనిషి తెల్లగా పాలిపోవును. నాలుగడుగులు వేయగానే ఆయాసం వచ్చును. యంత్రం మలినాన్ని తీయగలదు గాని, ఈ ఆజ్ఞను పుట్టించలేదు. అందుకే మూత్రపిండ రోగులకు వైద్యులు ఒక సూదిమందు ఇత్తురు. ఆ మందు పేరు ఎరిథ్రోపొయిటిన్. అది మాంసకృత్తు, అనగా ప్రొటీన్. కాని వట్టి మాంసకృత్తు కాదు. దాని బరువులో సుమారు నూటికి నలుబది పాళ్ళు చక్కెర.

ఆ చక్కెర ఎక్కడ అతుక్కొన్నది, ఎందుచేత అక్కడనే అతుక్కొన్నది, దానివలన రోగికి ఏమి లాభం అన్న మూడు ప్రశ్నలకు సమాధానం వెదకుటయే ఈ ప్రసంగంలో మా ఉద్దేశం. సమాధానం చిన్నది. మాంసకృత్తులోని అక్షరాల వరుసయే చక్కెరకు చోటు చూపుచున్నది. ఆ చిన్న సమాధానం దొరకుటకు మాత్రం అరువది ఏండ్లు పట్టినవి.

మాంసకృత్తులు ఎమినో ఆమ్లాలనే చిన్న అణువుల దండలు. ఆ అణువులు ముఖ్యంగా ఇరువది రకాలు. ఇరువది అక్షరాలతో వ్రాసిన పొడుగాటి మాటవంటిది ఒక్కొక్క మాంసకృత్తు. కోడిగ్రుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తును శుద్ధిచేయునప్పుడు దానితో కొంత చక్కెర కూడా వచ్చుట రసాయనికులు పూర్వమే చూచినారు. అది మాలిన్యమని, సరిగా కడగకపోవుటచే మిగిలిన మురికి అని చాలామంది తలచినారు. 1938లో లండనులో ఆల్బర్టు న్యూబర్గర్ అనే రసాయనికుడు ఆ తెల్లసొన మాంసకృత్తును ఎన్నిసార్లు స్ఫటికాలుగా మార్చి కడిగినా చక్కెర పాలు తరుగకపోవుట గమనించినాడు. దానిని జీర్ణింపజేసి చూడగా, చక్కెరతో పాటు కొన్ని ఎమినో ఆమ్లాలు కూడా కలిసియే వచ్చినవి. మురికి అయితే కడుగగా పోవలెను గదా! చక్కెర ఆ అణువులో భాగమే అని తేలినది.

ఏ అక్షరాన్ని పట్టుకొని అది నిలిచినదో తెలియుటకు మరి రెండు దశాబ్దాలు పట్టినది. ఆ నడుమ కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాంగర్ ఇన్సులిన్ అణువులోని 51 అక్షరాల వరుసను చదివి, 1958లో నోబెల్ బహుమానం పొందినాడు. మాంసకృత్తులు ఏదో ముద్దవలె ఉండవనీ, ప్రతి ఒక్కదానికీ నిర్దిష్టమైన వరుస ఉన్నదనీ లోకానికి తెలిసినది. ఆ వెలుగులోనే న్యూబర్గర్, మార్షల్, యోహాన్సెన్ అనువారు 1961లో తెల్లసొన మాంసకృత్తు చక్కెర ఆస్పరజీన్ అనే ఎమినో ఆమ్లానికి అతుక్కొన్నదని చూపినారు. ఆ పేరు ఆస్పరాగస్ అనే మొక్కనుండి వచ్చినది. ఆ మొక్క కుటుంబంలోనిదే మన పిల్లిపీచర.

ఇంతవరకు బాగానే ఉన్నది. ఒక మాంసకృత్తులో ఆస్పరజీన్‌లు పది ఉండవచ్చును. వానిలో రెండింటికో మూడింటికో చక్కెర ఉండి, తక్కినవానికి ఉండదు. ఈ భేదం ఎక్కడిది? 1960లలో ఒక్కొక్క మాంసకృత్తు వరుసనే చదువుచు పోగా, ఒక పోలిక బయటపడినది. చక్కెర ఉన్న ఆస్పరజీన్‌కు తరువాత ఒక అక్షరం విడిచి, రెండవ చోట, సెరీన్ గాని థ్రియోనిన్ గాని ఉన్నది. నడుమ నుండు అక్షరం దాదాపు ఏదైనా కావచ్చును. ఈ మూడక్షరాల సముదాయానికి మార్షల్ ప్రభృతులు సీక్వాన్ అని పేరు పెట్టినారు.

తెలుగు పద్యం నేర్చినవారికి ఇది వింతగా తోచదు. లఘువు తనంతట తాను లఘువే. కాని దాని వెనుక సంయుక్తాక్షరం వచ్చినచో అదే గురువగును. అక్షరం మారలేదు, పక్కనున్నదానివలన దాని బరువు మారినది. ఆస్పరజీన్ కూడా అట్లే. తనకు తానుగా అది చక్కెరను పొందదు. వెనుక రానున్న అక్షరం చూపునదే దానికి యోగ్యత. ఛందస్సులో ఆ వెనుకటి అక్షరం ఆనుకొనియే ఉండవలెను. ఇక్కడ ఒక్కటి విడిచి ఉండవలెను, అంతే భేదం.

ప్రతి సూత్రానికి అపవాదం ఉండును గదా. నడుమనున్న అక్షరం ప్రోలీన్ అయినచో చక్కెర ఎక్కదు. ప్రోలీన్ వంగని అణువు. అది ఉన్నచోట దండ తనకు కావలసినట్లు మడతపడలేదు. ఇంకొక సంగతి మరీ ముఖ్యమైనది. ఈ మూడక్షరాలున్నంత మాత్రాన చక్కెర తప్పక వచ్చునని లేదు. ఎద్దు క్లోమంలో రైబోన్యూక్లియేజ్ అనే మాంసకృత్తు రెండు రూపాలలో దొరకుచున్నది. అక్షరాల వరుస రెంటిలోను ఒక్కటే. 34వ చోటున ఆస్పరజీన్, తరువాత ల్యూసీన్, ఆ తరువాత థ్రియోనిన్. సూత్రం సరిపోయినది. ఒక రూపంలో అక్కడ చక్కెర ఉన్నది, మరొక రూపంలో లేదు! కనుక ఈ వరుస ఆజ్ఞాపత్రం కాదు, అనుమతిపత్రం మాత్రమే. అనుమతి లేనిచోట పని జరుగదు. ఉన్నచోట జరుగవచ్చును, జరుగకపోవచ్చును.

ఆ జరుగుట జరుగకపోవుటలను కూడా పక్కనున్న అక్షరాలే చాలవరకు నిర్ణయించునని తరువాత తెలిసినది. 1990ల నడుమ అమెరికాలో షాకిన్ ఎషల్‌మన్, కస్తూరి, వారి సహచరులు పిచ్చికుక్క కాటు వ్యాధిని కలిగించు వైరస్ మాంసకృత్తుపై ప్రయోగాలు చేసినారు. నడుమ అక్షరాన్ని ఒకటొకటిగా మార్చుచు, ఎన్ని అణువులకు చక్కెర ఎక్కినదో లెక్కించినారు. మూడవ చోట సెరీన్ ఉన్నప్పుడు, నడుమ ట్రిప్టోఫాన్, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, ల్యూసీన్ వంటివి వచ్చినచో పని మందగించినది. సెరీన్‌కు బదులు థ్రియోనిన్ పెట్టగా పని చురుకైనది. సెరీన్, థ్రియోనిన్ రెండూ అర్హులే గాని, సమానులు కారని దీనివలన స్పష్టమైనది. ఈ ఫలితాన్ని శ్రోతలు జ్ఞాపకముంచుకొనగోరుచున్నాము. కొంత తడవులో దీనితో మనకు పని పడును.

చక్కెరను అతికించు పనివాడెవరు? కణంలో మాంసకృత్తు దండ గ్రుచ్చబడుచుండగానే ఒక ఎంజైమ్ దానిని తడవి చూచును. చక్కెర దాని చేతికి ఒక్కొక్క బిళ్ళగా రాదు. పదునాలుగు చక్కెరలు ముందే కూర్చిన గుత్తిగా సిద్ధమై ఉండును. అందులో రెండు ఎసిటైల్ గ్లూకోసమైన్‌లు, తొమ్మిది మానోజ్‌లు, మూడు గ్లూకోజ్‌లు. ఆ గుత్తిని మోయునది డోలికాల్ అనే పొడుగాటి కొవ్వు అణువు. 1960లో లివర్‌పూల్‌లో దీనిని కనుగొన్నవారు, పొడుగు అను అర్థముగల గ్రీకు మాటనుండి ఆ పేరు పెట్టినారు. మన ఉలవలకు వృక్షశాస్త్రజ్ఞులు పూర్వం పెట్టిన డోలికస్ అనే పేరు కూడా ఆ మాటనుండి వచ్చినదే. 2011లో స్విట్జర్లండులోని జూరిచ్ నగరంలో లోచర్ బృందంవారు ఒక సూక్ష్మజీవికి చెందిన ఇట్టి ఎంజైమ్ ఆకారాన్ని ఎక్స్ కిరణాలతో చిత్రించినారు. ఆ చిత్రంలో మూడక్షరాల రహస్యం కనబడినది. ఎంజైమ్‌లో ఒక చిన్న గూడు ఉన్నది. మూడవ చోటనున్న థ్రియోనిన్ ఆ గూటిలో సరిగా ఇమిడి దండను పట్టి ఉంచును. దండ ఒక వంపు తిరుగగా, ఆస్పరజీన్ చక్కెరగుత్తికి ఎదురుగా వచ్చి నిలుచును. నడుమ ప్రోలీన్ ఉన్నచో ఆ వంపు కుదరదు. అర్ధశతాబ్దం క్రిందట అక్షరాలు లెక్కపెట్టి ఊహించిన సూత్రానికి కారణం అట్లు కంటికి కనబడినది.

ఉలవల మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. కణాల మీద, మాంసకృత్తుల మీద ఉన్న చక్కెరలు అలంకారాలు కావు. అవి ఇతరులు చదువు గుర్తులు. 1951లో జి. డబ్ల్యు. జి. బర్డ్ అనే వైద్యుడు ఉలవల రసం మానవరక్తంలో 'ఎ' వర్గపు కణాలను ముద్దకట్టించునని బెంగుళూరునుండి వెలువడు కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించినాడు. ఉలవలలోని ఒక మాంసకృత్తు ఆ కణాల మీది చక్కెర కొసను గుర్తుపట్టుటయే దానికి కారణం. మన ఇండ్లలో చారు కాచుకొను గింజ రక్తనిధులలో పరీక్షాసాధనమైనది!

చక్కెరను చదువు ఇట్టి గ్రాహకం మన కాలేయంలోనూ ఒకటి ఉన్నది. 1960ల చివర అమెరికాలో గిల్బర్టు ఆష్‌వెల్, అనతోల్ మోరెల్ అనువారు రక్తంలో రాగిని మోయు ఒక మాంసకృత్తును తీసికొని, దాని చక్కెరగుత్తుల కొసలనుండి సియాలిక్ ఆమ్లాన్ని ఒలిచివేసి, కుందేళ్ళకు ఎక్కించినారు. ఒలవని మాంసకృత్తు రోజులతరబడి రక్తంలో తిరిగినది. ఒలిచినది కొన్ని నిమిషాలలోనే మాయమై కాలేయంలో తేలినది. కొసన సియాలిక్ ఆమ్లం పోగా దాని క్రిందనున్న గలాక్టోజ్ బయటపడుచున్నది. కాలేయం ఆ గలాక్టోజ్‌ను గుర్తుపట్టి అణువును లాగికొనుచున్నది. అనగా, రక్తంలో ఒక మాంసకృత్తు ఎంతకాలం బ్రతుకవలెనన్నది దాని చక్కెర కొసలమీద ఆధారపడియున్నది.

ఇక మనం మొదలుపెట్టిన మందు దగ్గరకు వత్తము. మూలుగకు ఆజ్ఞ పంపు పదార్థం ఒకటి రక్తంలో ఉండవలెనని 1906లోనే ఫ్రాన్సులో కార్నో, డెఫ్లాండ్రు అనువారు ఊహించినారు. 1948లో ఫిన్లాండువారు దానికి ఎరిథ్రోపొయిటిన్ అని పేరు పెట్టినారు. 1957లో షికాగోలో జాకబ్సన్, గోల్డ్‌వాసర్ మొదలైనవారు అది మూత్రపిండంలో పుట్టుచున్నదని ఎలుకల మీద చూపినారు. దానిని శుద్ధిచేయుట మాత్రం గోల్డ్‌వాసర్‌కు జీవితకాలపు తపస్సైనది. రక్తహీనతగల గొర్రెల రక్తాన్ని ఏండ్లతరబడి వడకట్టినా చాలినంత దొరకలేదు. 1975 చివర జపానులోని కుమమోతోనుండి తకాజీ మియాకే అనే వైద్యుడు ఒక పొట్లం పట్టుకొని షికాగో వచ్చినాడు. అందులో ఉన్నది 2,550 లీటర్ల మూత్రాన్ని ఇగిర్చిన పొడి. మూలుగ ఎండిపోయిన రోగుల మూత్రంలో ఆ ఆజ్ఞాపదార్థం అధికంగా ఉండుననే ఎరుకతో, ఆయన ఓపికగా దానిని కూడబెట్టినాడు. అంతటి పొడినుండి 1977 నాటికి శుద్ధరూపంలో దక్కినది ఎనిమిది మిల్లీగ్రాములు!

అంతకు ముందే, 1974లో, గోల్డ్‌వాసర్, అతని సహచరులు ఒక చిత్రాన్ని గమనించినారు. ఈ పదార్థం నుండి సియాలిక్ ఆమ్లం ఒలిచివేసినచో, గాజుపాత్రలోని కణాలమీద అది బాగుగా పనిచేసినది. ప్రాణి శరీరంలో ఎక్కించగా పని శూన్యం. ఆష్‌వెల్, మోరెల్‌ల కుందేళ్ళ ప్రయోగం తెలిసినవారికి కారణం తెలిసిపోవును. పని చేయగల శక్తి పోలేదు. పని చేయుటకు కావలసిన ఆయువు పోయినది.

1983లో అమెరికాలో ఆమ్జెన్ సంస్థలో ఫు-కుయెన్ లిన్ దీని జన్యువును పట్టుకొన్నాడు. ఇన్సులిన్ వంటివానిని బాక్టీరియాలో తయారు చేయవచ్చును, ఏలయన వానికి చక్కెర అక్కరలేదు. మందుల తయారీకి వాడు ఈ.కోలై బాక్టీరియాకు మన కణాలవలె చక్కెర అతికించు విద్య రాదు. కనుక చైనా హామ్‌స్టర్ అనే చుంచువంటి జంతువు అండాశయపు కణాలలో ఈ జన్యువును పెట్టి పండించవలసి వచ్చినది. సియాటిల్‌లో జోసెఫ్ ఎష్‌బాక్, అతని సహచరులు రక్తశుద్ధి రోగులకు ఇచ్చిన ఫలితాలు 1987లో వెలువడినవి. అంతవరకు పదే పదే పరుల రక్తం ఎక్కించుకొన్నవారు ఆ అవసరం లేక తిరిగినారు. 1989 జూనులో అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతి ఇచ్చినది.

ఇప్పుడు ఈ మందు అక్షరాలను చదివి చూతము. 165 ఎమినో ఆమ్లాల దండ ఇది. 24వ చోట ఆస్పరజీన్, తరువాత ఐసోల్యూసీన్, ఆపై థ్రియోనిన్; చక్కెర ఉన్నది. 38వ చోట ఆస్పరజీన్, మరల ఐసోల్యూసీన్, థ్రియోనిన్, చక్కెర ఉన్నది. 83వ చోట ఆస్పరజీన్, సెరీన్, సెరీన్, చక్కెర ఉన్నది. 36వ చోట కూడా ఆస్పరజీన్ ఉన్నది. కాని ఒకటి విడిచి చూడగా 38లో ఉన్నది సెరీనూ కాదు, థ్రియోనినూ కాదు, మరియొక ఆస్పరజీన్. అక్కడ చక్కెర లేదు. 47లోని ఆస్పరజీన్‌కు ఒకటి విడిచి ఉన్నది టైరోసిన్, అక్కడా లేదు. సూత్రం అక్షరాలా సరిపోయినది. 126వ చోట సెరీన్‌కు వేరొక రకపు చిన్న చక్కెర ఉన్నది గాని, దానికి ఇంత సులభమైన సూత్రం లేదు.

ఈ మందులో ఒక లోపం ఉన్నది. రక్తనాళంలో ఇచ్చినప్పుడు దానిలో సగం ఎనిమిదిన్నర గంటలలోనే తరిగిపోవును. అందుచేత వారానికి రెండు మూడు సూదులు అవసరమైనవి. ఆమ్జెన్‌లో జోన్ ఎగ్రీ, స్టీవ్ ఎలియట్ మొదలైనవారు, మందులోని భిన్నరూపాలను వేరుచేసి చూడగా, సియాలిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న రూపం శరీరంలో ఎక్కువ పనిచేసినది. వింత ఏమనగా, మూలుగ కణాల గ్రాహకంతో దాని పట్టు కొంత సడలినది. పట్టు తగ్గినా ఆయువు పెరుగుటచే మొత్తంమీద లాభమే మిగిలినది. అట్లయితే చక్కెరగుత్తులనే పెంచరాదా? చక్కెరను చేతితో అతికించుట సాధ్యం కాదు. అక్షరాలను మార్చి అనుమతిపత్రం వ్రాసి ఇచ్చినచో, కణమే ఆ పని చేయును గదా!

చెప్పినంత సులభం కాలేదు. అనేకచోట్ల మూడక్షరాల వరుసను కల్పించి చూచినారు. కొన్నిచోట్ల చక్కెర ఎక్కలేదు, కొన్నిచోట్ల అణువు మడత చెడినది. చివరకు రెండు చోట్లు నిలిచినవి. 30వ చోటున్న ఎలనీన్‌ను ఆస్పరజీన్‌గా, 32వ చోటున్న హిస్టిడిన్‌ను థ్రియోనిన్‌గా మార్చినారు. 88వ చోటున్న ట్రిప్టోఫాన్‌ను ఆస్పరజీన్‌గా, 90వ చోటున్న ప్రోలీన్‌ను థ్రియోనిన్‌గా మార్చినారు. 87లోని ప్రోలీన్‌ను కూడా తీసి వేలీన్ పెట్టినారు. ఆస్పరజీన్‌కు ముందున్న పొరుగును సైతం సరిదిద్దవలసి వచ్చినదన్నమాట. రెండు చోట్లా నడుమనున్నది గ్లుటామిక్ ఆమ్లం. ఇందాక జ్ఞాపకముంచుకొనుమన్నది ఇందుకే. గ్లుటామిక్ ఆమ్లం నడుమ నున్నప్పుడు సెరీన్ మందకొడి, థ్రియోనిన్ చురుకు. ఇక్కడ రెండు చోట్లా నిలిచినది థ్రియోనినే.

165 అక్షరాలలో మారినవి అయిదు. మూడు గుత్తులకు బదులు అయిదు గుత్తులు పూచినవి. సియాలిక్ ఆమ్లాలు పదునాలుగు మించనిచోట ఇరువదిరెండు వరకు పట్టినవి. రక్తంలో సగం తరుగుటకు పట్టుకాలం ఎనిమిదిన్నర గంటలనుండి సుమారు ఇరువదియైదు గంటలకు పెరిగినదని 1999లో రోగులమీద జరిపిన పరిశీలన తెలిపినది. డార్బిపొయిటిన్ అను పేరుతో 2001లో ఈ మందుకు అమెరికాలో అనుమతి లభించినది. వారానికి మూడు సూదులు కావలసినచోట ఒకటి చాలినది. రక్తశుద్ధి ఇంకా అవసరంపడని రోగికి రెండు వారాలకొకటి కూడా సరిపోవచ్చును. 2010లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఈ మందును తానే తయారుచేసి, క్రెస్ప్ అను పేరుతో భారతదేశంలో విడుదల చేసినది. శ్రీకాకుళం జిల్లావారికి ఆ సంస్థ పేరు క్రొత్త కాదు. పైడిభీమవరంలో దాని రసాయనౌషధాల కర్మాగారం ఉన్నది. రసాయనౌషధాన్ని పాత్రలో వండవచ్చును. చక్కెర తొడిగిన మాంసకృత్తును మాత్రం బ్రతికియున్న కణాలే వండవలెను. రెండు విద్యలూ వేరు.

మంచిమాటతో పాటు హెచ్చరికమాటను చెప్పకపోవుట ధర్మం కాదు. రక్తం ఎంత చిక్కబడిన అంత మేలని తలచి, మందును హెచ్చుగా ఇచ్చిన కాలం ఒకటి ఉండినది. 2006లో వెలువడిన పరిశోధనలు ఆ భ్రమను తొలగించినవి. 2009లో నాలుగువేలమందికి పైగా మధుమేహ మూత్రపిండ రోగులలో డార్బిపొయిటిన్‌ను పరీక్షించగా, హిమోగ్లోబిన్‌ను 13 వరకు తీసికొనిపోదలచి మందిచ్చిన వర్గంలో పక్షవాతపు పోటు దాదాపు రెండింతలు కనబడినది. అందుచేత సాధారణంగా 11.5 దాటి నిలుపరాదని 2012లో అంతర్జాతీయ వైద్యసంఘాలు సూచించినవి. ఇనుము చాలనివారికి ముందు ఇనుము ఇవ్వవలెను. ఆజ్ఞ ఎంత గట్టిగా ఉన్నా ముడిసరుకు లేనిదే మూలుగ పనిచేయలేదు. మరియు, ఈ మందు రక్తహీనతను తీర్చునే గాని, చెడిన మూత్రపిండాన్ని బాగుచేయదు. ఆ భేదాన్ని మన ఇండ్లలో స్పష్టంగా తెలిసికొని ఉండుట మేలు. సూది పొడవగానే ముఖంలో కళ వచ్చినదని రక్తశుద్ధిని మానుకొన్నచో ప్రాణాపాయం.

ఇంతటి చరిత్రకు ఉద్దానంలో ఫలితమేమి అని అడుగవచ్చును. కవిటినుండి గాని మందసనుండి గాని ఒక కొబ్బరితోట కూలి ఆసుపత్రికి రావలెనన్నచో ఆ దినపు కూలి పోవును. తోడు వచ్చిన ఇంటివారి కూలి కూడా పోవును. రక్తశుద్ధికి వచ్చినవారికి ఆ రాకలోనే సూది కూడా పడును. కాని ఇంకా ఆ దశ రానివారికి, రక్తం మాత్రం పలుచబడినవారికి, ప్రతి సూదీ ఒక ప్రయాణమే. వారానికి మూడు ప్రయాణాలు రెండు వారాలకొకటిగా తగ్గుట వారి బ్రతుకులో చిన్న సంగతి కాదు. ఆ తగ్గుదలకు కారణం ఏ మహాయంత్రమూ కాదు. ఒక దండలో అయిదు అక్షరాలు మారుట, ఆ మార్పుచే రెండు క్రొత్త చోట్లలో చక్కెర కుదురుట, ఇంతే.

1938లో గ్రుడ్డుసొనలోని చక్కెరను మురికి కాదన్నవాడు మూత్రపిండ రోగులను తలచుకొని ఆ పని చేయలేదు. ఎద్దు క్లోమంలోని రెండు రూపాలను పోల్చినవారు గాని, కుందేళ్ళకు ఒలిచిన మాంసకృత్తు ఎక్కించినవారు గాని మందు వెదకలేదు. ఒక్కొక్కరు తమకు దొరికిన అక్షరాన్ని శ్రద్ధగా చదివినారు. ఆ అక్షరాలన్నీ కూడి ఒక సూత్రమైనవి. ఆ సూత్రం తెలిసినవారు మందును తిరిగి వ్రాయగలిగినారు. ఉద్దానంలో మూత్రపిండాలు ఎందుచేత చెడుచున్నవో చెప్పవలసిన అక్షరాలు ఇంకా చదువబడవలసియున్నవి. పలాసలో పరిశోధన కేంద్రం వెలసినది. ఆ నీటిలో, ఆ నేలలో, ఆ ప్రజల రక్తంలో ఉన్న వరుసను అంతే ఓపికతో చదువువారు మన యువకులలోనుండి, ఆ సీమ బిడ్డలలోనుండియే రావలెనని మా ఆకాంక్ష. మందు ఆయువును పొడిగించు విద్య లభించినది. ఆ మందు అవసరమే రాకుండ చేయు విద్య ఇక లభింపవలెను.